హై-రెస్ పాటలు: స్ట్రీమింగ్‌లో వినాలా, కొని దాచుకోవాలా?

నమస్కారం. నరసన్నపేట నుంచి మీరు అడిగిన ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను, ఎక్కడైనా పొరబడితే సరిదిద్దండి. ఇంట్లో కొత్తగా ఒక జత స్పీకర్లు, యాంప్లిఫయర్, విడిగా ఒక డాక్ (అంకెల్లో ఉన్న పాటను యాంప్లిఫయర్‌కు అందే సంకేతంగా మార్చే పెట్టె) అమర్చుకున్నారు. ఫైబర్ ఇంటర్నెట్ ఉంది. మీకు నచ్చిన వీణ కచేరీ ఆల్బమ్ హై-రెస్‌లో, అంటే సీడీ కంటే సూక్ష్మంగా నమోదైన 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ (పొట్టిగా 24/96) రూపంలో, స్ట్రీమింగ్‌లోనూ దొరుకుతోంది, డబ్బు కట్టి డౌన్‌లోడ్ చేసుకోవడానికీ దొరుకుతోంది. డౌన్‌లోడ్ చేసిన ఫైలే బాగా మోగుతుందని మీ మిత్రులు గట్టిగా చెబుతున్నారు. నెలనెలా చందా కట్టాలా, ఆ డబ్బుతో ఫైళ్లు కొనుక్కోవాలా అన్నది మీ సందేహం.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఒకే మాస్టర్ (రికార్డింగును సరిదిద్ది విడుదలకు సిద్ధం చేసిన తుది ప్రతి) నుంచి వచ్చిన ఒకే ఫైలు ఏ మార్పూ లేకుండా డాక్ దాకా చేరితే, స్ట్రీమింగ్‌కూ డౌన్‌లోడ్‌కూ ధ్వనిలో తేడా ఉండదు. అయితే నేను చూసిన ఇళ్లలో సగానికి పైగా ఆ ఫైలు మార్పు లేకుండా చేరడం లేదు. మీ మిత్రులకు వినిపించిన తేడా అక్కడిది. కాబట్టి ముందు ఆ దారి సరిచేసుకోండి. ఆ తర్వాత కొత్త సంగీతం వెతుక్కోవడానికి చందా ఉంచుకోండి, జీవితాంతం వినాలనుకునే ఆల్బమ్‌లు మాత్రం కొని మీ దగ్గర దాచుకోండి. ఈ రెండో మాటను నేను ధ్వని కోసం చెప్పడం లేదు. కారణం కిందికి వెళ్లాక వస్తుంది.

విజయనగరంలో కోటకు దగ్గర యాంప్లిఫయర్లు బాగుచేసే దుకాణం నాది, 28 ఏళ్లుగా ఇదే పని. సంగీత కళాశాల నడిచి వెళ్లేంత దూరం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన, ఘంటసాల గారు చదువుకున్న కళాశాల అది. దానివల్ల నా దగ్గరకు వచ్చేవారిలో చెవి బాగా తయారైనవారే ఎక్కువ. వారు "తేడా ఉంది" అంటే కొట్టిపారేయడం నాకు చేతకాదు. తేడా ఎక్కడ పుట్టిందో వెతకడమే నా పని.

బొబ్బిలిలో పదవీ విరమణ చేసిన ఒక మాస్టారి ఇంట్లో జరిగింది చెబుతాను, మీ ప్రశ్నకు చాలా దగ్గరగా ఉంటుంది. ఆయన ఒక ఆల్బమ్‌ను 24/96లో కొన్నారు. అదే ఆల్బమ్ స్ట్రీమింగ్‌లో వింటే "తీగ మీద వేలు జారే చప్పుడు లేదు, జీవం లేదు" అన్నారు. వెళ్లి కూర్చున్నాను. ఆయన డాక్ ముందు భాగంలో చిన్న తెర ఉంది, దాని మీద లోపలికి వస్తున్న సంకేతం ఎంతో అంకెల్లో కనిపిస్తుంది. కంప్యూటర్ నుంచి కొన్న ఫైలు పెడితే 96 అని వచ్చింది. ఫోను తగిలించి స్ట్రీమింగ్ పెడితే 48 దగ్గర ఆగిపోయింది. యాప్‌లో మాత్రం 24/96 అన్న ముద్ర మెరుస్తూనే ఉంది. యాప్ అబద్ధం చెప్పలేదు, దానికి వచ్చిన ఫైలు 96దే. దాన్ని డాక్‌కు పంపే ముందు ఫోను తన పద్ధతిలో 48కి మార్చేస్తోంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు ఇలాగే చేస్తాయి. ఆండ్రాయిడ్ 14 నుంచి యూఎస్‌బీ డాక్‌కు మార్పు లేకుండా పంపే వీలు వచ్చింది, కానీ ఫోనూ యాప్ రెండూ దాన్ని వాడుకుంటేనే ప్రయోజనం.

స్ట్రీమింగ్‌ను కూడా కంప్యూటర్ మీదికి మార్చి, డాక్‌కు నేరుగా పంపే సెట్టింగు పెట్టాను. రెండింటికీ 96 వచ్చింది. అయినా మాస్టారు ఒప్పుకోలేదు. "ఇంకా కొన్నదే బాగుంది" అన్నారు. అప్పుడు ధ్వని మట్టం కొలిచాను. స్ట్రీమింగ్ 4 డెసిబెల్స్ తక్కువగా మోగుతోంది. అన్ని పాటలూ ఒకే స్థాయిలో వినిపించాలని యాప్‌లో ఒక సెట్టింగు ఉంటుంది, అది దానంతటదే పెద్ద పాటలను తగ్గిస్తుంది. మనిషి చెవికి ఒక బలహీనత ఉంది: ఒకే పాటను కాస్త పెద్దగా వినిపిస్తే అదే స్పష్టంగా, నిండుగా ఉన్నట్టు తోస్తుంది. ఒక్క డెసిబెల్ తేడా చాలు. ఆ సెట్టింగు తీసేసి, రెండింటినీ ఒకే మట్టానికి తెచ్చి, వారి మనవణ్ణి కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టి, తెర మాస్టారికి కనిపించకుండా తువాలు కప్పాను. మనవడు బొమ్మా బొరుసూ వేసి ఏది పెట్టాలో నిర్ణయించాడు. 16 సార్లు వినిపిస్తే 9 సార్లు సరిగ్గా చెప్పారు. కళ్లు మూసుకుని ఊహించినా దాదాపు అంతే వస్తుంది.

ఆయన చిన్నబుచ్చుకోలేదు. ఆ సాయంత్రం ఇంకొక పని కూడా చేశాం. గోడకు ఆనించిన స్పీకర్లను రెండడుగులు ముందుకు జరిపి, ఆయన కూర్చునే కుర్చీ వైపు కొద్దిగా తిప్పాం. నేనేమీ అడగకముందే "ఇప్పుడు మృదంగం ఎడమ వైపు విడిగా వినిపిస్తోంది" అన్నారు. ఆ మార్పుకు పైసా ఖర్చు కాలేదు.

ఇక కారణాలు. ఇంటర్నెట్‌లో వచ్చే పాట దారిలో అరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. రేడియోకూ పాత కేబుల్ టీవీకీ ఆ మాట వర్తించేది. దూరం పెరిగితే గరగర వచ్చేది. ఇది అలా కాదు. మనియార్డరు గుర్తు చేసుకోండి. విశాఖ నుంచి పంపినా ఢిల్లీ నుంచి పంపినా మీ చేతికి వచ్చేసరికి నోటు చిరిగి సగం కాదు. వస్తే మొత్తం వస్తుంది, లేకపోతే రాదు. స్ట్రీమింగ్‌లో ఏ ముక్కైనా దారిలో పోతే దాన్ని మళ్లీ అడిగి తెప్పించుకుంటారు. అన్నీ వచ్చాక వరుసలో పేర్చి డాక్‌కు ఇస్తారు. నెట్ మరీ నెమ్మదిస్తే పాట ఆగుతుంది, లేదా యాప్ మీకు చెప్పకుండా తక్కువ నాణ్యత ఫైలుకు మారుతుంది. ఈ రెండోదే ప్రమాదం. అందుకే సెట్టింగుల్లో "ఆటోమేటిక్" అని ఉన్న చోట అత్యధిక నాణ్యతను మీరే ఎంచుకోండి. వై-ఫైకి ఒకటి, మొబైల్ డేటాకు ఒకటి విడివిడిగా ఉంటాయి, రెండూ చూడండి.

బ్లూటూత్‌లో పంపితే ఈ చర్చ మొత్తం వృథా. సీడీ నాణ్యతకు సెకనుకు 1,411 కిలోబిట్లు కావాలి. కుదించని 24/96కు 4,608 కావాలి. బ్లూటూత్‌లో మేలు రకంగా చెప్పుకునే ఎల్‌డాక్ (పాటను కుదించి పంపే ఒక పద్ధతి) కూడా గరిష్ఠంగా 990 దాటదు, అదీ సంకేతం బాగున్నప్పుడే. వినడానికి అది చెడ్డదేమీ కాదు, కానీ హై-రెస్ కాదు. ఆపిల్ మ్యూజిక్ 2021 జూన్‌లో హై-రెస్ మొదలుపెట్టినప్పుడు ఆ సంస్థే చెప్పింది: 48 కిలోహెర్ట్జ్ దాటాలంటే విడిగా డాక్ కావాలని, బ్లూటూత్‌లో అది అందదని. యూట్యూబ్‌లో "24 బిట్" అని పేరు పెట్టిన పాత పాటల వీడియోలు చాలా ఉన్నాయి. పేరు ఏదైనా అక్కడ వినిపించేది కుదించిన ధ్వనే.

హై-రెస్ వల్ల నిజంగా వినిపించే లాభం ఎంత? ఇది చెబితే కొందరికి కోపం వస్తుంది, అయినా చెప్పాలి. 44.1 కిలోహెర్ట్జ్ సీడీ దాదాపు 22 కిలోహెర్ట్జ్ వరకు శ్రుతులను పూర్తిగా పట్టుకుంటుంది. మన చెవి పరిధి కుర్రవయసులో 20 దాకా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. నాకు ఇప్పుడు 13 దాటి వినిపించదు, పరీక్ష చేసుకున్నాను. బిట్ల సంగతి చూస్తే, 16 బిట్లలో సన్నని ధ్వనికీ పెద్ద ధ్వనికీ మధ్య దాదాపు 96 డెసిబెల్స్ అంతరం ఉంటుంది, 24 బిట్లలో 144 దాకా. ఇప్పుడు మీ గదిలో సీలింగ్ ఫ్యాను వేయండి. ఆ చప్పుడే 40 డెసిబెల్స్ పైమాట. మీరు 90 దగ్గర పాట వింటున్నారనుకుంటే మీకు మిగిలిన అంతరం 50. సీడీలో ఉన్నదే సగం ఫ్యాను మింగేస్తోంది. బొబ్బిలి వీణ ఏకాండిది, అంటే ఒకే పనస దుంగను తొలిచి చేసింది. దాని మీద మీటిన తీగ చివరి నాదం ఎంతసేపు నిలుస్తుందో వినాలంటే 24 బిట్ల ఫైలు కంటే ముందు ఫ్యాను ఆపాలి. మన ఎండల్లో కష్టమే. నేను తెల్లవారుజామున వింటాను.

దీని మీద పరిశోధన కూడా జరిగింది. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు అమెరికాలో హై-రెస్ డిస్కులను నేరుగా ఒకసారి, మధ్యలో సీడీ నాణ్యతకు దించి మరోసారి వినిపించారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు దాదాపు సగం, అంటే గుడ్డి ఊహతో సమానం. 2016లో రీస్ అనే ఆచార్యుడు అప్పటిదాకా వచ్చిన పరీక్షల్లో లెక్కకు అందినవాటిని కలిపి చూస్తే చిన్న తేడా కనబడింది. ముందుగా శిక్షణ పొందిన శ్రోతల్లో అది కాస్త ఎక్కువ. నా అనుభవం కూడా అదే చెబుతోంది. తేడా ఉంటే చాలా చిన్నది, అది మంచి మాస్టర్ పక్కన లెక్కలోకి రాదు.

మాస్టర్ అన్నదే అన్నిటికంటే పెద్ద సంగతి. ఒకే ఆల్బమ్‌కు రెండు మూడు మాస్టర్లు ఉంటాయి. ఒకటి పాత సీడీ కాలంలో నెమ్మదిగా, ఊపిరి తీసుకునే చోటు ఉంచి చేసింది. ఇంకొకటి తర్వాత అన్నిటినీ గట్టిగా మోగించాలని నొక్కి చేసింది. రెండోది 24/192లో వచ్చినా మొదటిది మామూలు సీడీలోనే గెలుస్తుంది. కళాశాలకు వచ్చే ఒక వయొలిన్ విద్యార్థిని ఈ తేడాను నాకంటే ముందు పట్టింది. గమకం చివర బరువు తగ్గే చోట కొత్త మాస్టర్‌లో బరువు తగ్గడం లేదని చెప్పింది. అలాగే 78 ఆర్పీఎం గ్రామఫోను రికార్డుల సంగతి. ఆ పాత రికార్డుల్లో ఒక్కో పక్క మూడు నిమిషాలకు కాస్త పైన. వాటిలో పది కిలోహెర్ట్జ్ దాటి సంగీతం దాదాపు ఉండదు, ఉన్నది సూది రాపిడి. వాటిని 24 బిట్లలో ఎక్కించుకోవడం శుభ్రం చేసేవారికి ఉపయోగం, వినే మనకు కాదు. అవి హై-రెస్ అని ఎక్కువ ధర అడిగితే ఇవ్వకండి.

కొనేటప్పుడు మోసపోకుండా ఒక మాట. హై-రెస్ అని వచ్చే ఫైళ్లలో కొన్ని సీడీ ఫైలును ఊదిపెట్టి పెద్దవి చేసినవి. టెలిగ్రామ్‌లోనూ పెన్‌డ్రైవ్‌లలోనూ ఉచితంగా తిరిగేవాటిలో చాలావరకు అవే. గాయకులకు, వాద్యకారులకు ఒక్క రూపాయి చేరని ఫైళ్లవి, నేను నా దుకాణంలో ఎవరికీ ఎక్కించను. మీ దగ్గరున్న ఫైలు అసలుదో కాదో మీరే చూసుకోవచ్చు. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి, స్పెక్ట్రోగ్రామ్ (ఏ కిలోహెర్ట్జ్ దగ్గర ఎంత ధ్వని ఉందో రంగుల్లో చూపే పటం) చూపించమనండి. అసలైన 96 ఫైలులో రంగులు పైకి పోయేకొద్దీ పొగమంచులా పలచబడతాయి. ఊదినదైతే 22 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు గీత కనబడుతుంది, దాని పైన అంతా నలుపు. 16 దగ్గరే కోత ఉందంటే అది ఎంపీ3 నుంచి పుట్టిందని అనుమానించండి. ఒకసారి ఒక కుర్రాడు 40 ఆల్బమ్‌లు తెచ్చి చూపించాడు. అతని ఎదుటే ఒక్కొక్కటీ తెరిచాం. పొగమంచు కనిపించినవి మూడే.

న్యాయంగా కొనడానికి దారులు ఉన్నాయి. బ్యాండ్‌క్యాంప్‌లో కళాకారులే ఫ్లాక్ ఫైళ్లు (నాణ్యత ఏమీ పోకుండా చోటు మాత్రం తగ్గించినవి) అమ్ముతారు, ఒకసారి కొంటే అది మీదే. కొన్ని విదేశీ దుకాణాలు మన దేశానికి అమ్మవు, డబ్బు కట్టే ముందు చూసుకోండి. చాలామంది మరచిపోయే దారి ఇంకొకటి ఉంది. మీ బీరువాలో ఉన్న సీడీలు ఏమీ కుదించనివి. కంప్యూటర్‌కు సీడీ డ్రైవు తగిలించి ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఫ్లాక్‌గా ఎక్కించుకోండి. మీరు ఎక్కించినది లోకంలో ఇతరులు ఎక్కించిన అదే సీడీతో సరిపోయిందో లేదో కూడా అది చెబుతుంది. పాత సీడీలు వాడినవి తక్కువ ధరకే దొరుకుతాయి. నా సంగ్రహంలో నేను అన్నిటికంటే ఎక్కువ వినేది అలా వచ్చినవే.

దాచుకోమని చెప్పడానికి కారణం చెబుతానన్నాను కదా. మనది తుపాన్ల తీరం, మీకు నేను కొత్తగా చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విజయనగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా అక్కవాళ్లు ఉద్దానంలో ఉన్నారు. నేను వెళ్లేసరికి కొబ్బరి చెట్లన్నీ ఒకే దిక్కుకు పడుకుని ఉన్నాయి. ఫోనుకు సిగ్నల్ లేదు. రాత్రి అరుగు మీద కూర్చున్నప్పుడు బావగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నీ దగ్గర ఆ చిన్న డబ్బా ఉందా, పాటలు పెట్టేది?" అని అడిగారు. మెమరీ కార్డు వేసుకునే చిన్న ప్లేయర్ అది. కారు బ్యాటరీకి తగిలించి ఒక పాత తత్వం పెట్టాను. చుట్టుపక్కల ఇళ్ల వాళ్లు వచ్చి కూర్చున్నారు. పాట అయిపోయాక మళ్లీ పెట్టమన్నారు. ఆ రాత్రి ఆ ఫైలు ఎన్ని బిట్లదో నేను చూడలేదు, అది నా దగ్గర ఉంది, అంతే.

తుపాను లేకపోయినా పాటలు మాయమవుతాయి. 2023 మార్చిలో ఒక పెద్ద సంగీత సంస్థ పాటలన్నీ ఒక ప్రధాన స్ట్రీమింగ్ సేవలో ఒప్పందం కుదరక తొలగిపోయాయి. రెసో అనే సేవ 2024 జనవరి 31న మన దేశంలో మూతపడింది. శ్రోతలు ఏళ్లుగా పేర్చుకున్న జాబితాలు దానితోనే పోయాయి. చందా యాప్‌లో "డౌన్‌లోడ్" నొక్కి దాచుకున్నవి మీవి కావు. చందా ఆపిన రోజున అవి తెరుచుకోవు. చాలామంది దీన్నే డౌన్‌లోడ్ అనుకుంటున్నారు, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఖర్చు, చోటు లెక్కలు త్వరగా చెప్పేస్తాను. ఫ్లాక్‌లో గంట సంగీతానికి సీడీ నాణ్యత అయితే 350 నుంచి 400 ఎంబీ, 24/96 అయితే 1.2 జీబీ చుట్టూ. ఒక టెరాబైట్ డిస్కులో 24/96 ఆల్బమ్‌లు 800 గంటల దాకా పడతాయి. స్ట్రీమింగ్‌కు 24/192 అయినా 10 ఎంబీపీఎస్ ఉంటే చాలు, మీ ఫైబర్‌కు అది లెక్క కాదు. ఫోను డేటా మీద మాత్రం హై-రెస్ వినకండి, రోజుకు 1.5 జీబీ ప్యాక్ గంటంపావులో అయిపోతుంది.

దాచుకునేవారు తప్పక చేయాల్సినది ఒకటి ఉంది. రెండు డిస్కుల్లో ఉంచండి, ఒకటి వేరే ఇంట్లో పెట్టండి. మన తీరంలో గాలి తేమకు, కరెంటు ఎగుడుదిగుడులకు డిస్కులు పాడవడం ఎక్కువ. నాది ఒకటి 2016లో పోయింది. పన్నెండేళ్లు ఓపికగా ఎక్కించిన కచేరీలు అందులో ఉన్నాయి, కొన్ని నా గురువుగారి ఇంట్లో నేనే రికార్డు చేసినవి. సీడీలు ఉన్నవి మళ్లీ ఎక్కించుకున్నాను. గురువుగారివి ఇక రావు.

ఇంకొక చిన్న విషయం. స్ట్రీమింగ్ పెట్టినప్పుడే "గుమ్" అని సన్నని మోత వస్తోందని కొందరు స్ట్రీమింగ్‌ను నిందిస్తారు. చాలాసార్లు అది రూటరుకో సెట్‌టాప్ బాక్సుకో తగిలించిన కేబుల్ నుంచి యాంప్లిఫయర్‌లోకి వచ్చే 50 హెర్ట్జ్ మోత. అన్నిటికీ కరెంటు ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి ఇచ్చి చూడండి, చాలా ఇళ్లలో తగ్గిపోతుంది. ఇంటికి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి, అది మీ వస్తువులకే కాదు మీకూ అవసరం.

మీ సంగతికి వస్తే, ఆ వీణ ఆల్బమ్ మీకు అంత ఇష్టమైతే కొనేయండి. కొన్న డబ్బు కొంత ఆ విద్వాంసుడికి చేరుతుంది, ఫైలు మీ మనవల దాకా ఉంటుంది. చందా కూడా ఒక ఏడాది ఉంచండి. ఏడాది చివర వెనక్కి చూసుకుని, పదిసార్లకు పైగా విన్న ఆల్బమ్‌లు ఏవో రాసుకుని వాటిని కొనండి. నా వరకు ఏడాదికి ఏడెనిమిది మించవు.

ఈ రాత్రి ముందు ఒక పని చేయండి. స్ట్రీమింగ్‌లో ఆ వీణ ఆల్బమ్ పెట్టి, డాక్ మీద ఏ అంకె గానీ ఏ రంగు దీపం గానీ కనిపిస్తుందో చూడండి. తర్వాత మీ ఫోను ఏదో, డాక్ ఏదో, రెండింటినీ ఏ తీగతో కలిపారో ఆ అంకెతో పాటు ఇక్కడ రాయండి. ఎక్కడ మారుతోందో, ఏ సెట్టింగు మార్చాలో అది చూసి చెబుతాను.